సమ్మతి పత్రం, జంట జలాశయాలు

వేములవాడ దగ్గర మూలవాగు ఒడ్డున ఎవరైనా ఒక కార్ఖానా పెట్టి, వాడిన నీటిని వాగులోకి వదలదలచినారనుకుందాం. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం 25వ సెక్షను ప్రకారం ముందుగా కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి పొందాలి. మండలి కాదంటే 28వ సెక్షను క్రింద అప్పీలు చేసుకోవచ్చు. చదవడానికి ఇది తేలిక విషయమే. ఆచరణలో ఈ రెండు సెక్షన్ల నడుమ ఎన్ని మలుపులున్నవో తెలియాలంటే హైదరాబాదు జలాశయాల వ్యాజ్యాన్ని పరిశీలించాలి.

1908 మూసీ వరదల తరువాత నిజాం ప్రభుత్వం కట్టించిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్‌లు దశాబ్దాలపాటు నగరానికి తాగునీరిచ్చినవి. వాటి చుట్టూ 10 కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలు ఉండరాదని 1996లో 111వ జీ.ఓ. వెలువడింది. అయినా సురానా ఆయిల్స్ అనే కంపెనీ ఆ హద్దులోపలనే ఆముదపు ఉత్పత్తుల ఫ్యాక్టరీ తలపెట్టింది. 1997లో మండలి సమ్మతి నిరాకరించింది. విచిత్రమేమంటే, నిషేధం విధించిన ప్రభుత్వమే అదే సంవత్సరం ఆ కంపెనీకి మినహాయింపు కూడా ఇచ్చింది. కంచె చేను మేయడమంటే ఇదే కదా!

అప్పిలేట్ అధికారి, కంపెనీ తరఫున ఒక శాస్త్రవేత్త దాఖలు చేసిన అఫిడవిట్‌ను ఆధారం చేసుకొని 1998లో మండలి ఉత్తర్వును త్రోసిపుచ్చినారు. హైకోర్టు కూడా సమ్మతి ఇవ్వవలసిందనే చెప్పింది. మండలి సుప్రీంకోర్టుకు వెళ్ళింది.

జస్టిస్ ఎం. జగన్నాథరావు 1999లో వ్రాసిన తీర్పులో పాఠకులు ముఖ్యంగా గమనించవలసినది రుజువు భారం సంగతి. హాని జరుగుతుందని మండలి నిరూపించనక్కరలేదు. జరగదని కంపెనీయే నిరూపించుకోవాలి. తాగునీరు ఒకసారి చెడితే పరిహారం ఇచ్చి బాగుచేయలేము గనుక ఇది న్యాయమే. రసాయనాల గుణదోషాలను న్యాయాధికారి ఒక్కడే తేల్చడంలోని లోటును కూడా తీర్పు ఎత్తిచూపింది. 2000 డిసెంబరులో తుది తీర్పు వెలువడింది: ప్రభుత్వం ఇచ్చిన మినహాయింపు చెల్లదు.

ఆ లోటు పూరించడానికే లా కమిషన్ 2003లో సిఫారసులు చేసింది. న్యాయమూర్తుల సరసన నిపుణులు కూడా కూర్చునే జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం 2010లో వచ్చింది. జలాశయాల చుట్టూ ఉన్న ఆంక్షలను మాత్రం తెలంగాణ ప్రభుత్వం 2022లో 69వ జీ.ఓ. ద్వారా సడలించింది.

ఇక మూలవాగు ఒడ్డున అప్పిలేట్ అధికారి కార్ఖానాకు అనుకూలంగా చెబితే, నష్టపోయే రైతు కూడా ఆ ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. తెలంగాణ వ్యవహారాలు వినే దక్షిణ బెంచి ఉన్నది చెన్నైలో.