అత్తయ్య నన్ను మరచిపోయిన వేళ...

పొయ్యిమీద పాలు పెట్టి మరచిపోవడం మనందరికీ ఉన్నదే కదూ! అందుకే 2021లో మా అత్తయ్య రెండు మూడుసార్లు పాలు మాడ్చేస్తే ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం. కానీ ఒకరోజు, నలభై ఏళ్లుగా తను చేస్తున్న గోంగూర పచ్చడికి పోపు ఎలా వేయాలో తోచక గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఆరోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

గుంటూరులో డాక్టరుగారికి చూపించాం. థైరాయిడ్ తేడా వచ్చినా, బి12 విటమిన్ తగ్గినా మతిమరుపు వస్తుందనీ, అలాంటిది మందులతో తగ్గుతుందనీ చెప్పి ముందు రక్తపరీక్షలు చేయించారు. అవి బాగానే ఉన్నాయి. స్కానింగ్ కూడా చూశాక డిమెన్షియా అన్నారు. ఇందులో ఎక్కువమందికి వచ్చేది అల్జీమర్స్. జర్మనీ డాక్టరు అలోయిస్ అల్జీమర్ 1906లో దీని గురించి మొదటిసారి వివరించాడట. పూర్తిగా నయం చేసే మందు లేదుగానీ, కొంతమందికి లక్షణాలను కొన్నాళ్లు అదుపులో ఉంచే మందులున్నాయి. మన దేశంలో అరవై దాటినవారిలో సుమారు 88 లక్షలమందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా. అంటే ఇది మా ఒక్క ఇంటి కథ కాదు.

దయ్యమా? జబ్బా?

మా సంఘంలో ఒకావిడ "దయ్యం పట్టిందేమో, ఉపవాస ప్రార్థన పెట్టించండి" అంది. ఇంకొకావిడ మా ఇంట్లో విశ్వాసం తగ్గిందంది. ఆ మాటకి రెండు రోజులు అన్నం సయించలేదు నాకు. కంట్లో శుక్లం వస్తే డాక్టరు దగ్గరికి వెళ్తాం గదా! మెదడుకి వచ్చిన జబ్బూ అంతే. మేం ప్రార్థన మానలేదు, మందులూ మానలేదు.

నా తప్పు చెప్పుకుంటాను

ఒక మధ్యాహ్నం అన్నం తిన్న పది నిమిషాలకే "అన్నం పెట్టవా?" అని పదోసారి అడిగారు. "ఇప్పుడేగా తిన్నారు!" అని కేకలేసి కంచం విసురుగా పెట్టాను. ఆవిడ బెదిరిపోయి మూలకెళ్లి కూర్చున్నారు. కాసేపటికి దగ్గరకొచ్చి, నా మొహంలోకి చూసి, "ఎవరి అమ్మాయివమ్మా నువ్వు? బాగా అలిసిపోయావు, కాస్త కూర్చోరాదూ" అన్నారు. వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. నన్ను మరచిపోయారు, నా కేకలూ మరచిపోయారు. కానీ ఆ సాయంత్రం నేను దగ్గరకెళ్లినప్పుడల్లా ఉలిక్కిపడుతూనే ఉన్నారు. మాట గుర్తుండకపోయినా దాని భయం మనసులో ఉండిపోతుందని అప్పుడు తెలిసింది.

అనుభవం నేర్పినవి

వాదించకండి. "మీ మావయ్య ఇంకా రాలేదేం?" అని అడిగితే మొదట్లో "ఆయన పోయారు కదా అత్తయ్యా" అనేదాన్ని. ప్రతిసారీ ఆ వార్త అప్పుడే విన్నట్టు ఏడ్చేవారు. ఇప్పుడు "మావయ్యగారికి ఏ కూరంటే ఇష్టం అత్తయ్యా?" అంటాను. హాయిగా కబుర్లు చెబుతారు.

రాత్రిపూట గ్యాస్ రెగ్యులేటరు కట్టేయండి. బాత్‌రూమ్‌లో చిన్న లైటు వెలుగుతూ ఉంచండి. నేల తడి లేకుండా చూసుకోండి. ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు రాసిన బిళ్ల ఒంటిమీద ఉండాలి. ఒకసారి తెల్లవారుజామునే పుట్టింటికని బయల్దేరి బస్టాండు దాకా వెళ్లిపోయారు.

చిన్న చిన్న పనులు చెప్పండి. చిక్కుడుకాయల ఈనెలు తీయడం, తువ్వాళ్లు మడతపెట్టడం అత్తయ్యకి ఇప్పటికీ ఇష్టమే. నా పేరు గుర్తులేని ఆవిడ, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలోని పాట ఎత్తుకుంటే చరణాలన్నీ తప్పు లేకుండా పాడేస్తారు. చిన్నప్పుడు నేర్చిన పాటలు చాలాకాలం నిలుస్తాయన్నారు డాక్టరుగారు. స్నానానికి మొరాయించినప్పుడు నేనూ పాటే ఎత్తుకుంటాను.

మరి చూసుకునేవాళ్ల సంగతి?

ఎనిమిది నెలలు నేను గుడికి వెళ్లలేదు. ఫోన్‌లో సలహాలు చెప్పినవాళ్లేగానీ "ఎలా ఉన్నావు?" అని నన్నడిగినవాళ్లు లేరు. ఒక ఆదివారం స్త్రీల సమాజంలో ఒక అక్క వచ్చి, "నువ్వు ఆరాధనకి వెళ్లిరా, నేను కూర్చుంటా" అంది. ఆరోజు గుడిలో నేను చేసిందల్లా కళ్లు తుడుచుకోవడమే. తర్వాత నలుగురు అక్కలు వంతులు వేసుకున్నారు.

నిర్గమకాండం 17వ అధ్యాయంలో మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోను, హూరు చెరోపక్కా పట్టుకున్నారు. అంతకుముందే ఆయన కింద ఒక రాయి వేసి కూర్చోబెట్టారు. చేతులెత్తినవాడికీ కూర్చునే చోటు కావాలి మరి!

మీ సంఘంలోనో, మీ వీధిలోనో ఇలాంటి ఇల్లుంటే ఒక పూట కూర పంపండి. రెండు గంటలు వెళ్లి కూర్చోండి. వెళ్లినప్పుడు "నన్ను గుర్తుపట్టారా?" అని పరీక్ష పెట్టకుండా మీ పేరు మీరే చెప్పండి. క్రిస్మస్ పాటలవాళ్లు ఆ గుమ్మం దాటిపోకుండా చూడండి. గుడికి రాలేనివారికి ప్రభు సంస్కారం ఇంటికి తెమ్మని అయ్యగారిని అడగండి. పెద్దవాళ్ల సాయం కోసం 14567 నంబరుకి ఫోన్ చేయవచ్చు. 1992లో కేరళలో మొదలైన అల్జీమర్స్ సంఘం, ఏఆర్‌డీఎస్ఐ, ఇలాంటి కుటుంబాలకి దారి చూపుతోంది.

మీరే చూసుకుంటున్నవారైతే, సాయం అడగడానికి సిగ్గుపడకండి. నేను సిగ్గుపడి ఎనిమిది నెలలు పోగొట్టుకున్నాను.

నిన్న రాత్రి దుప్పటి కప్పుతుంటే అత్తయ్య నా చెయ్యి పట్టుకుని, "నువ్వెవరోగానీ, రేపు కూడా రామ్మా" అన్నారు. "వస్తాను అత్తయ్యా" అన్నాను. ఆవిడ మరచిపోయినవన్నీ దేవుడికి గుర్తున్నాయి. నాకది చాలు.