మీకు తెలుసా? మెచ్చుకోలూ అబద్ధమాడిస్తుంది!

తెలివిని పొగిడితే దాదాపు 40 శాతం పిల్లలు తర్వాత తమ మార్కులు తప్పు చెప్పారు. కష్టాన్ని మెచ్చుకుంటే 13 శాతమే. అమెరికాలో అయిదో తరగతి పిల్లలపై చేసిన ఈ ప్రయోగాన్ని క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ 1998లో ప్రచురించారు. బొమ్మల పజిళ్లు విప్పాక కొందరిని బుర్ర ఉందనీ, కొందరిని బాగా కష్టపడ్డారనీ మెచ్చుకున్నారు. తేడా ఆ ఒక్క మాటే. తర్వాతి పజిళ్లు కావాలనే కఠినంగా ఇచ్చారు. తెలివైనవాడన్న పేరొచ్చాక మార్కులు తగ్గితే ఆ పేరుకే ఎసరు కదా! చిన్న వయసు, ఏదో గొప్పకు పోయారులే అంటారా? అయితే రెండో జట్టూ ఆ వయసుదే. పొగడ్తే తప్పనీ కాదు, దేన్ని పొగిడామన్నదే తేడా. పైగా వాళ్లు మార్కులు రాసి చూపింది టీచరుకు కాదు, వేరే బడిలోని ముఖమెరుగని పిల్లలకు.