వరద తేదీ దగ్గరే ఆగిపోయిన గడియారం

2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 53 అడుగుల దగ్గర. 1986 ఆగస్టు నాటి 75.6 అడుగుల వరద తర్వాత అంత నీరు ఆ ఒడ్డు చూడలేదు. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. అవతల భద్రాచలం, ఇవతల సారపాక, మధ్యలో గోదావరి. సారపాకలో జిరాక్స్ షాపు నడుపుకునే మా బావమరిది కంప్యూటర్‌ను ముందే మేడ మీదికి చేర్చాడు కాబట్టి అది తడవలేదు. నీళ్లు తీశాక షాపు కడుక్కుని, కరెంటు నిలకడగా ఉండడం మొదలయ్యాక, నెలాఖరులో సిస్టం ఆన్ చేశాడు. ప్రింటర్ కదిలింది. బ్రౌజర్ తెరుచుకుంది. అప్‌డేట్ ఒక్కటే కాలేదు.

"బావా, సిస్టం దెబ్బతిన్నట్టుంది. మొత్తం తీసేసి మళ్లీ మొదటి నుంచి వేసేద్దామా?" అని ఫోన్ చేశాడు.

"వద్దు. స్క్రీన్ మీద ఏముందో ఒక్క మాట వదలకుండా చదువు" అన్నాను.

కూడబలుక్కుని చదివాడు. దాని సారం ఇది: రిలీజ్ ఫైల్ ఇంకా చెల్లదు, మరో 15 రోజులు గడిస్తే గానీ చెల్లదు, అందుకని ఈ రిపాజిటరీ నుంచి అప్‌డేట్లు తీసుకోను. సిస్టం ఇంత స్పష్టంగా మాట్లాడితే మనం దాన్ని రోగం అనుకుంటాం.

"స్క్రీన్ పైన తేదీ ఎంతుంది?"

"జులై 13."

"ఇవాళ ఎంత?"

అవతల కాసేపు చప్పుడు లేదు. ఆ రోజు 28.

వరద భయంతో సిస్టం ఆపేసిన తేదీ దగ్గరే ఆ కంప్యూటర్ ఆగిపోయింది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, సీఆర్ 2032 అంటారు. కరెంటు లేనప్పుడు కూడా గడియారాన్ని నడిపించేది అదే. పాత మిషన్లలో అది చచ్చిపోతుంది. నేను వేసిచ్చిన డెబియన్ 11 అనే ఆపరేటింగ్ సిస్టం ఒక జాగ్రత్త పాటిస్తుంది: గడియారం పోయిందని తెలిస్తే, ఆఖరుసారి తాను దాచుకున్న సమయం నుంచి లెక్క మొదలుపెట్టి, ఆ తర్వాత ఇంటర్నెట్‌లోని టైమ్ సర్వర్‌ను అడిగి సరిచేసుకుంటుంది. వాడు అప్పుడు వాడుతున్న కనెక్షన్‌లో టైమ్ సర్వర్ దాకా దారి లేదు. అందుకని పదిహేను రోజులు వెనకబడిపోయింది. ఆ తేడాను చాలా వెబ్‌సైట్లు పట్టించుకోవు. సాఫ్ట్‌వేర్ కట్టలను, అంటే ప్యాకేజీలను, తెచ్చే ఏపీటీ మాత్రం పట్టించుకుంటుంది.

ఎందుకంత పట్టింపో తెలియాలంటే ప్యాకేజీ ఎలా ప్రయాణం చేసి వస్తుందో చూడాలి. సారపాకవాళ్లకు చెప్పడం సులువు. అక్కడి పేపర్ మిల్లుకు జామాయిల్, సుబాబుల్ కర్ర లారీల్లో వస్తుంది. గేటు దగ్గర కాగితాలు చూడందే, కాటా మీద తూకం వేయందే లోడు లోపలికి పోదు. ప్యాకేజీకీ అంతే. డెబియన్ ప్యాకేజీలుండే సర్వర్‌లో, అంటే రిపాజిటరీలో, రిలీజ్ ఫైల్ అని ఒకటి ఉంటుంది, దాని మీద డెబియన్ డిజిటల్ సంతకం ఉంటుంది. అందులో ప్యాకేజీల జాబితాకు సంబంధించిన వేలిముద్ర లాంటి సంఖ్య ఉంటుంది. ఆ జాబితాలో మళ్లీ ఒక్కో ప్యాకేజీ సైజు, దాని వేలిముద్ర. షా-256 అనే లెక్కతో తీసే ఈ వేలిముద్ర రాస్తే 64 అక్షరాలు వస్తుంది. ఫైల్‌లో ఒక్క బిట్ మారినా మొత్తం ఇంకొకటైపోతుంది. సంతకం సరైతే ఏపీటీ జాబితాను నమ్ముతుంది, జాబితాతో సరిపోలితే ప్యాకేజీని నమ్ముతుంది. మధ్యలో ఎక్కడ తేడా వచ్చినా లారీ గేటు బయటే.

అయితే సంతకం ఒక్కటీ చాలదు. ఆరు నెలల కిందటి జాబితా మీద కూడా సంతకం నిజమైనదే. దారిలో ఎవడో కూర్చుని ఆ పాత జాబితానే రోజూ మనకు చూపిస్తుంటే, కొత్తగా బయటపడిన లోపాలకు వచ్చిన మరమ్మతులు మన దాకా రావు. మనమేమో అంతా కొత్తదే అనుకుంటాం. అందుకే రిలీజ్ ఫైల్‌లో తయారైన తేదీ రాస్తారు. సెక్యూరిటీ అప్‌డేట్ల జాబితాకైతే ఎప్పటిదాకా చెల్లుతుందో గడువు కూడా పెడతారు. మా వాడి మిషన్‌కు జాబితా రేపటి రోజుల నుంచి వచ్చినట్టు కనిపించింది. తన గడియారమే తప్పైతే గడువు లెక్కపెట్టేదెలా? కాబట్టి తీసుకోనంది. నా దృష్టిలో అది మొరాయించడం కాదు, కాపలా.

తేదీ చేత్తో సరిచేయించాను. అప్‌డేట్ నడిచింది. మళ్లీ మొదటి నుంచి వేసి ఉంటే ఒక పగలంతా పోయేది, కస్టమర్ల ఫైళ్లు పోయేవి, బ్యాటరీ మార్చలేదు కాబట్టి అదే ఎర్రర్ తిరిగొచ్చేది.

కరెంటు కోతలున్న ఊళ్లలో ఇంతకంటే ఎక్కువగా కనిపించేది ఇంకొకటి ఉంది. అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు పోతుంది. ప్యాకేజీని వేసే పనిముట్టు డీపీకేజీ. ఇయాన్ మర్డాక్ 1993లో మొదలుపెట్టిన డెబియన్‌కు ఇది 1994 నుంచీ ఉంది. అది పనిని రెండు దశల్లో చేస్తుంది. మొదట కట్ట విప్పి ఫైళ్లు వాటి చోట్లలో పెడుతుంది, తర్వాత వాటిని సిస్టంకు అమరుస్తుంది. ఏ ప్యాకేజీ ఏ దశలో ఉందో స్టేటస్ అనే ఫైల్‌లో రాసుకుంటూ పోతుంది. అందుకే మధ్యలో ఆగినా ఎక్కడ ఆగిందో దానికి తెలుసు. డీపీకేజీకి కాన్ఫిగర్ అనే ఆప్షన్ ఇచ్చి, మిగిలినవన్నీ పూర్తిచెయ్యమంటే విప్పి వదిలేసిన ప్యాకేజీలను అమర్చుకుంటూ వస్తుంది. అప్పటికీ ఏదైనా ప్యాకేజీకి కావలసిన తోడు ప్యాకేజీ లేదంటే, ఏపీటీకి ఫిక్స్ బ్రోకెన్ అని చెబితే తెచ్చిపెడుతుంది. చాలాసార్లు ఈ రెండూ చాలు.

చాలామంది చెయ్యి కాల్చుకునేది తాళం దగ్గర. 'లాక్ దొరకలేదు' అని ఎర్రర్ వస్తుంది. వెంటనే ఎవరో ఒకరు, ఆ లాక్ ఫైల్ తీసిపారెయ్ అని సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చెయ్యొద్దు. రాసే రిజిస్టర్ ఒకటే, ఒకరు రాస్తుంటే రెండోవారు ఆగాలని పెట్టిన ఏర్పాటు అది. చాలా సిస్టమ్‌లలో సెక్యూరిటీ అప్‌డేట్లు తెర వెనక వాటంతటవే నడుస్తుంటాయి. అలాంటప్పుడు తాళం పగలగొట్టి రెండో అప్‌డేట్ మొదలుపెడితే ఇద్దరూ ఒకే పేజీ మీద రాసినట్టే. పది నిమిషాలు ఆగండి. అప్పటికీ వదలకపోతే తాళం ఏ ప్రోగ్రామ్ దగ్గరుందో చూడండి. కొత్త వెర్షన్లలో ఎర్రర్‌లోనే దాని నంబర్ కూడా చెబుతుంది.

మిగతావి త్వరగా తేలిపోతాయి. వేలిముద్ర కలవడం లేదంటే, ఎక్కువసార్లు ఫైల్ దారిలో తెగి సగమే వచ్చి ఉంటుంది, లేదా మధ్యలోని సర్వర్ పాత కాపీ ఇచ్చి ఉంటుంది. కాసేపాగి మళ్లీ అడిగితే సరి. డిస్కులో చోటు లేదంటే సిస్టంకు గుండెకాయ లాంటి కెర్నల్ పాత వెర్షన్లు పేరుకుపోయాయేమో చూడాలి. ఫైల్ దొరకలేదని 404 చూపిస్తే మాత్రం మీ వెర్షన్‌కు కాలం తీరిందేమో ఆలోచించాలి. డెబియన్ 10కి పొడిగించిన మద్దతు కూడా 2024 జూన్ 30తో ముగిసింది. అలాంటి పాత వెర్షన్ల ప్యాకేజీలను తర్వాత ఆర్కైవ్ సర్వర్‌కు తరలిస్తారు, అక్కడ కొత్త మరమ్మతులు ఉండవు. రెండు మూడు వేరువేరు చోట్ల నుంచి రిపాజిటరీలు కలిపి పెట్టుకున్నవాళ్ల చిక్కు వేరు. ఒకరి ప్యాకేజీకి కావలసిన వెర్షన్ ఇంకొకరి ప్యాకేజీకి పడదు. అక్కడ బలవంతం పెట్టే ఆప్షన్లు వాడితే తర్వాత విప్పుకోలేని ముడి పడుతుంది. బయటి రిపాజిటరీని తాత్కాలికంగా ఆపి చూడడం మేలు.

ఈ తిప్పలన్నీ ఎందుకని అడిగేవాళ్లకు ఒక మాట. 1999 మార్చిలో డెబియన్ 2.1తో ఏపీటీ అందరికీ అందక ముందు, ఏ ప్యాకేజీకి ఏది తోడు కావాలో వెతుక్కునే భారం ఎక్కువగా మనిషి మీదే ఉండేది. ఇవాళ మా వాడి షాపులో తెలుగు దరఖాస్తులు ప్రింట్ అయ్యే పోతన, వేమన ఫాంట్లు కూడా ఒక ప్యాకేజీగానే వచ్చి కూర్చున్నాయి. వాటిని తీర్చిదిద్దిన తిరుమల కృష్ణ దేశికాచార్యుల శ్రమ, సంతకం ఉన్న కట్టలో ఒక్క బిట్ చెడకుండా, పైసా ఖర్చు లేకుండా సారపాక దాకా చేరింది. ఆ కట్టను అంత జాగ్రత్తగా తూచి తెచ్చే ఏర్పాటును, ఒక ఎర్రర్ వచ్చిందని తిట్టబుద్ధి కాదు నాకు.

మీ సిస్టంలో అప్‌డేట్ ఆగితే కింద వచ్చిన ఆఖరి లైను చూసి బెంబేలెత్తకండి. పైకి జరుపుకుంటూ వెళ్లి మొట్టమొదటి ఎర్రర్ ఎక్కడుందో పట్టుకోండి. కిందివి చాలావరకు దాని వెనక వచ్చినవే. స్క్రీన్ మూసేసి ఉంటే వార్ డైరెక్టరీలో, లాగ్ లోపల, ఏపీటీ ఫోల్డర్‌లో ఏ రోజు ఏం మారిందో రాసి ఉంటుంది. ఆ మొదటి లైనును ఉన్నదున్నట్టు కాగితం మీద రాసుకోండి. తెలిసినవాళ్లకు ఫోన్ చేసినప్పుడు 'సిస్టం పాడైంది' అనకుండా ఆ లైను చదివి వినిపించండి. దానికంటే ముందు ఒకసారి స్క్రీన్ మీద తేదీ చూడండి.