ఇరుగు పొరుగు మాట – ఆరోగ్యమునకు బాట

బ్రతుకు తెరువును వెదకికొనుచు మనుష్యులు ఊరు విడిచి ఊరు పోవుట మన దేశమున క్రొత్త విషయము కాదు. శ్రీకాకుళము నుండి కూలి పనులకై హైదరాబాదు చేరువారు, ఒడిశా నుండి ఇటుక బట్టీలకు వచ్చువారు, బీహారు నుండి భవన నిర్మాణపు పనులకు వచ్చువారు, ఉద్యోగము బదిలీ కాగా కుటుంబముతో తరలివచ్చువారు, వీరందరును ఎరుగని చోట కాపురము ప్రారంభింపవలసినవారే. 2011వ సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారము మన దేశమున సుమారు 45 కోట్ల మంది తాము పూర్వము నివసించిన చోటు విడిచి వేరొక చోట నివసించుచుండిరి. వీరిలో స్త్రీలే అధికులు. వివాహమే ఇందుకు ముఖ్య కారణము. అత్తవారింట అడుగు పెట్టిన కోడలు కూడ ఆ ఊరికి క్రొత్తగా వచ్చినదే గదా!

క్రొత్త చోటికి వచ్చినవారికి ఇల్లు, మంచినీరు, రేషను కార్డు, పిల్లలకు బడి కావలెనని అందరును గుర్తింతురు. వారిని పలుకరించు మనిషి కూడ కావలెనని గుర్తించువారు తక్కువ. ఐనను ఆరోగ్యమునకు ఇదియు అవసరమేనని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది.

ఒంటరితనము అనగానేమి?

ఏకాంతము వేరు, ఒంటరితనము వేరు. తనంత తాను కోరి కొంతసేపు ఒక్కడుగా కూర్చుండుట మనస్సునకు విశ్రాంతి నిచ్చును. కోరిన తోడు దొరకకపోవుటచే కలుగు బాధయే ఒంటరితనము. జనసమ్మర్దముగల నగరమున, నలువది వాటాల భవనమున నివసించుచును ఒంటరిగా నుండువారు కలరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన ఒక సంఘము 2025 జూను నెలలో తన నివేదికను ప్రకటించెను. ప్రపంచమున ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనముచే బాధపడుచున్నారనియు, ఏటా 8 లక్షల 71 వేల మరణములకు దీనితో సంబంధము కలదనియు అందు అంచనా వేయబడినది. గుండె జబ్బు, పక్షవాతము, మధుమేహము, జ్ఞాపకశక్తి క్షీణించుట, మనోవ్యాకులత మొదలగునవి ఇట్టివారికి కలుగు అవకాశము హెచ్చు. అంతకు పూర్వము 2010లో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో 148 అధ్యయనముల ఫలితములను కూర్చి చూచిరి. వాటిలో చేరినవారు 3 లక్షలకు పైబడినవారు. బలమైన స్నేహబాంధవ్యములు గలవారు ఆయా అధ్యయనముల కాలమున జీవించి యుండు అవకాశము, అవి లేనివారికంటె సగము మేరకు అధికముగా నుండెనని తేలినది.

ఇందుకు కారణములు దుర్గ్రాహ్యములు కావు. ఒంటరి మనిషికి నిద్ర సరిగా పట్టదు. ఎల్లప్పుడు కలతగా నుండుటచే రక్తపు పోటు పెరుగును. మందు వేళకు వేసికొన్నారా యని అడుగువారుండరు. పొగాకు, మద్యము దగ్గరి చుట్టములగును. అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. ఒకనాడు ఆ మనిషి వీధిలో కనబడకపోయినచో, ఏమైనదోయని తలుపు తట్టువారుండరు.

పది నిమిషముల మాట

స్నేహము ఒక్కనాట కుదురునది కాదు. కాని స్వల్పమైన పలుకరింపునకు కూడ విలువ కలదు. కెనడాలోని ఇద్దరు మనస్తత్త్వ పరిశోధకులు 2014లో ప్రకటించిన పరిశోధనలో, కాఫీ దుకాణమున పనివానితో చిరునవ్వుతో రెండు మాటలాడినవారు, కేవలము డబ్బిచ్చి కాఫీ తీసికొని పోయినవారికంటె సంతోషముగా నుండిరని తేలినది. తాము ఆ చోటికి చెందినవారమను భావమును వారికి హెచ్చుగా కలిగినది. నోరు మంచిదైతే ఊరు మంచిదని మన పెద్దలు చెప్పిన మాటయే ఇక్కడ రుజువైనది.

ఈ సూత్రము ననుసరించి ఇంగ్లండులో 2017 నుండి ఒక ఏర్పాటు సాగుచున్నది. ఇందులో చేరిన కాఫీ హోటలున ఒక బల్లపై చిన్న సూచిక నుంతురు. ఇతరులతో మాటలాడుటకు ఇష్టపడువారు ఆ బల్ల వద్ద కూర్చుందురు. వృద్ధులు, పసిబిడ్డల తల్లులు, క్రొత్తగా వచ్చినవారు అచట కలిసికొందురు. ఎవరును ఎవరికిని ఉపన్యాస మీయరు. కాఫీ త్రాగుచు ముచ్చటింతురు, అంతే.

కేరళమున 2017లో పెరుంబావూరు పట్టణమునందు ‘చంగాతి’ యను కార్యక్రమము ప్రారంభమైనది. చంగాతి యనగా మలయాళమున స్నేహితుడు. ఇతర రాష్ట్రముల నుండి వచ్చిన కార్మికులకు మలయాళము నేర్పుట దీని ఉద్దేశము. ఇందుకై ‘హమారీ మలయాళం’ అను పుస్తకమును రచించిరి. స్థానిక భాష నాలుగు మాటలు వచ్చినవాడు వైద్యునితో తన బాధ చెప్పుకొనగలడు, మందుచీటీ వివరము అడిగి తెలిసికొనగలడు, మేస్త్రీతో కూలి లెక్క మాటలాడగలడు. భాష రానివాడు జ్వరముతో నాలుగు రోజులు గదిలో పడియుండి, వ్యాధి ముదిరిన పిదప ఆసుపత్రికి చేరును.

మన హోటళ్లు, మన రచ్చబండలు

నలుగురు కూడి మాటలాడుట మనకు ఒకరు నేర్పవలసినది కాదు. ఊరి నడుమ రచ్చబండ, రావిచెట్టు క్రింది అరుగు, బావి గట్టు, ఇవి యన్నియు అట్టి చోటులే. కలకత్తాలోని కాలేజీ వీధి కాఫీ హౌసు ‘అడ్డా’ యను ముచ్చటలకు ప్రసిద్ధి చెందినది. కాఫీ బోర్డు తన కాఫీ హౌసులను మూసివేసినపుడు, పని పోయిన కార్మికులు ఏ. కె. గోపాలన్ ప్రోత్సాహముతో సహకార సంఘములుగా నేర్పడి, 1957 నుండి వాటిని తామే నడపసాగిరి. హైదరాబాదులోని ఇరానీ హోటళ్ల చరిత్ర మరింత గమనింపదగినది. పందొమ్మిదవ శతాబ్దాంతమున, ఇరువదవ శతాబ్దారంభమున ఇరాను నుండి పొట్ట చేతబట్టుకొని వచ్చిన కుటుంబములు ఆ హోటళ్లను స్థాపించినవి. ఒకప్పుడు పరాయివారుగా వచ్చినవారు పెట్టిన బల్లల చుట్టును నేడు నగర వాసులు కూర్చుండి ఒక కప్పు చాయితో గంటసేపు మాటలాడుచున్నారు. నేటి క్రొత్తవాడు రేపటి ఊరివాడగుననుటకు ఇంతకంటె నిదర్శనము కావలెనా?

ఐనను ఒక సంగతి మరువరాదు. టీ హోటలు అందరికిని సమానముగా తెరువబడి యుండలేదు. కొన్ని గ్రామములలో దళితులకు వేరు గ్లాసు నుంచు దురాచారము చిరకాలము సాగినది. అది అన్ని చోటుల సమూలముగా నశించెనని నేటికిని చెప్పజాలము. 1950 నుండి అమలులోనున్న మన రాజ్యాంగము 17వ అధికరణముచే అంటరానితనమును రద్దు చేసినది. దుకాణములలో, హోటళ్లలో జాతి, మత, కుల భేదముచే ఎవరిని అడ్డగింపరాదని 15వ అధికరణము శాసించినది. 1955 నాటి చట్టము అట్టి చర్యను శిక్షార్హమైన నేరముగా చేసినది. రెండు గ్లాసులున్న చోట పరస్పర సంభాషణ యను మాటకు అర్థమే లేదు. అదే విధముగా మన టీ హోటళ్లలో స్త్రీలు కూర్చుండుట అరుదు. క్రొత్తగా వచ్చినవారిలో స్త్రీలే అధికులు కాగా, వారికి చోటులేని కూటమి సగము పనియైనను చేసినది కాదు.

కూటమిని ప్రారంభించు విధము

ఇట్టి కూటమికి ధనము అక్కరలేదు. దిగువ విషయములు గమనించిన చాలును.

1. వారమున ఒక దినము, ఒక వేళ, ఒక బల్ల నిర్ణయింపవలెను. మధ్యాహ్నము మూడు నుండి అయిదు గంటల వరకు అనేక హోటళ్లలో రద్దీ తక్కువ. ఆ వేళ యజమానికిని లాభమే.

2. ఆరుగురు మొదలు పదిమంది చాలుదురు. అంతకు మించినచో రెండవ బల్ల వేయవలెను.

3. ఊరివారొకరు ముందుగా వచ్చి కూర్చుండి, క్రొత్తవారిని ‘రండి, కూర్చోండి’ అని ఆహ్వానింపవలెను. క్రొత్తవారు తామై వచ్చి కూర్చుందురని ఎదురు చూడరాదు.

4. స్త్రీలకు, వృద్ధులకు అనుకూలమైన చోటును, వేళను ఎన్నుకొనవలెను. హోటలు కుదరని చోట మహిళా సంఘ భవనము గాని, గ్రంథాలయపు వరండా గాని, అపార్టుమెంటు ప్రాంగణము గాని చాలును. చెవుడుగలవారిని గోడ ప్రక్కన, చప్పుడు తక్కువగా నుండు చోట కూర్చుండబెట్టవలెను.

5. కులము, జీతము అడుగరాదు. చీటీలు, వస్తువుల అమ్మకము, అప్పులు, ఎన్నికల ప్రచారము బల్ల వద్దకు రానీయరాదు. ఊరు, వంట, పండుగ, పిల్లల చదువు, దగ్గరి ఆసుపత్రి, బస్సు వేళలు మొదలగునవి మాటలకు చాలును.

6. ఒక వారము క్రొత్తవారు తమ భాషలో పది మాటలు నేర్పవలెను. మరు వారము ఊరివారు తెలుగు మాటలు నేర్పవలెను. నేర్చువాడు, నేర్పువాడు అను తారతమ్యము దీనిచే తొలగును.

7. టీలో చక్కెర తగ్గించుకొనవలెను. బహిరంగ స్థలములలో ధూమపానము నిషిద్ధమని జ్ఞాపకముంచుకొనవలెను.

8. క్రమముగా వచ్చువారు రెండు వారములు రానిచో, ఒకరు వారి ఇంటికి పోయి క్షేమము విచారింపవలెను. ఈ యొక్క నియమము పాటించినను కూటమి సార్థకమగును.

మాట మందు కాదు

సంభాషణ వలన ఒంటరితనము తగ్గునే గాని వ్యాధులన్నియు నయము కావు. రెండు వారములకు మించి ఎడతెగని దుఃఖము, నిద్రలేమి, ఆకలి మందగించుట, దేనియందును ఆసక్తి లేకపోవుట మొదలగు లక్షణములు కనిపించినచో వైద్యుని సంప్రదింపవలెను. బ్రతుకుపై విరక్తి కలిగినదని ఎవరైన చెప్పినచో, ఒక్క దినమైనను ఆలస్యము చేయక, వారిని ఒంటరిగా విడువక, సహాయము పొందవలెను. కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన ‘టెలి మానస్’ సేవకు 14416 అను సంఖ్యపై ఉచితముగా ఫోను చేయవచ్చును. తెలుగులోను మాటలాడవచ్చును.

మశూచిని మన దేశము టీకాలతో నిర్మూలించినది. ఒంటరితనమునకు టీకా లేదు. దానిని తొలగింపగలవారు ప్రక్క ఇంటివారే. ఎదుటి వాటాలో క్రొత్తగా దిగినవారి పేరేమో ఇంకను తెలియనివారు, ఈ సాయంకాలమే అడిగి తెలిసికొనవచ్చును.