చెరి 107 ఓట్లు: ఓడినామె, గెలిచినాయన చెయ్యి కలిపిన ఊరు

అమెరికాకు ఈశాన్య మూలన న్యూహాంప్‌షైర్ అనే చిన్న రాష్ట్రం ఉంది. అందులో యూనిటీ అనే పల్లె ఉంది. జనాభా రెండు వేలు కూడా ఉండదు. యూనిటీ అంటే ఐక్యత. ఆ పేరు ఊరకే రాలేదు. రెండున్నర శతాబ్దాల కిందట అక్కడ ఒకే భూమికి రెండు పట్టాలు పుట్టి, హద్దుల తగాదా చాలాకాలం నడిచింది. చివరకు ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. ఆ రాజీకి గుర్తుగా 1764లో ఊరికి ఐక్యత అని పేరు పెట్టారు.

2008 జనవరి 8న ఈ ఊళ్ళో డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థి ఎంపికకు ఓటింగ్ జరిగింది. హిల్లరీ క్లింటన్‌కు 107 ఓట్లు పడ్డాయి. బరాక్ ఒబామాకూ సరిగ్గా 107 ఓట్లే పడ్డాయి. ఊరు నిట్టనిలువునా రెండుగా చీలింది.

ఆరు నెలలు తిరగకముందే, జూన్ 27న ఆ ఇద్దరూ కలిసి ఆ ఊరికి వచ్చారు. బడి ఆవరణలో జరిగిన సభకు చుట్టుపక్కల నుంచి వేల మంది తరలివచ్చారు. ఓడిన హిల్లరీ, గెలిచిన ఒబామా పక్కపక్కన నిలబడ్డారు. తన వెంట నడిచినవాళ్ళంతా ఇక ఆయన వెంట నడవాలని ఆమె కోరారు. అంతకు కొన్ని వారాల ముందు వరకూ ఆ ఇద్దరూ ఒకరినొకరు సభల్లో తూర్పారబట్టుకున్నవారే.

బి-ఫారం రాలేదని అలిగి రెబెల్‌గా నామినేషన్ వేసేవాళ్ళను ప్రతి ఎన్నికలోనూ చూస్తున్న మనకు ఇది ఆసక్తి కలిగించే ముచ్చట. ఎందుకంటే ఆ చెయ్యి కలపడం తేలిగ్గా జరగలేదు.

టిక్కెట్టు ఇచ్చేది ఓటరే

మన దగ్గర అభ్యర్థిని పార్టీ పెద్దలు ఎంపిక చేస్తారు. నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం 3 గంటలలోగా ఎవరి పేరుతో బి-ఫారం అందితే వారికే పార్టీ గుర్తు. అమెరికాలో పద్ధతి వేరు. అసలు ఎన్నికకు ముందే పార్టీలో ఒక ఎన్నిక జరుగుతుంది. దాన్నే ప్రైమరీ అంటారు. ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తేదీన ఓటర్లే వచ్చి, పార్టీ తరఫున ఎవరు నిలబడాలో ఓటు వేసి చెబుతారు. కొన్ని రాష్ట్రాల్లో సమావేశాలు పెట్టి తేలుస్తారు. వచ్చిన ఓట్లను బట్టి ఒక్కో అభ్యర్థికి కొందరు ప్రతినిధులు దక్కుతారు. వేసవి చివర జరిగే పార్టీ మహాసభలో ఎక్కువమంది ప్రతినిధులు ఎవరికి ఉంటే వారే అభ్యర్థి.

ఇందులో ఒక చిక్కు ఉంది. పెద్దలు టిక్కెట్టు నిరాకరిస్తే కోపం ఆ పెద్దల మీద ఉంటుంది. ప్రైమరీలో అయితే సొంత పార్టీ ఓటర్లే రెండు జట్లుగా విడిపోయి నెలల తరబడి పోరాడుకుంటారు. కోపం ఇంటింటికీ పాకుతుంది. అందుకే అక్కడ ఓడినవారు ఏం మాట్లాడతారన్నది గెలిచినవారి మాటకంటే ముఖ్యమవుతుంది.

అయిదు నెలల హోరాహోరీ

2008 పోటీ మొదలైనప్పుడు హిల్లరీదే గెలుపని అనేకులు అనుకున్నారు. ఆమె భర్త బిల్ క్లింటన్ ఎనిమిదేళ్ళు అధ్యక్షుడు. ఆమె న్యూయార్క్ సెనేటర్. ఒబామా అప్పటికి సెనేట్‌కు వచ్చి మూడేళ్ళే. అయితే జనవరి 3న అయోవాలో జరిగిన మొదటి పోటీలో ఒబామా గెలిచారు. హిల్లరీ మూడో స్థానంలోకి పోయారు. అయిదు రోజులకే న్యూహాంప్‌షైర్‌లో ఆమె గెలిచి నిలదొక్కుకున్నారు. అప్పటినుంచి జూన్ దాకా నువ్వా నేనా అన్నట్లు సాగింది. ఇద్దరికీ పడిన ఓట్లు చెరి సుమారు కోటీ 80 లక్షలు.

మధ్యలో రెండు రాష్ట్రాల పేచీ వచ్చింది. ఫ్లోరిడా, మిచిగన్ రాష్ట్రాలు పార్టీ నియమాలకు విరుద్ధంగా తేదీలు ముందుకు జరుపుకున్నాయి. అందుకు శిక్షగా వాటి ప్రతినిధులు చెల్లరని పార్టీ ప్రకటించింది. ఆ రెండు చోట్లా హిల్లరీదే పైచేయి. మిచిగన్‌లో అయితే ఒబామా తన పేరే ఉపసంహరించుకున్నారు. చివరకు మే 31న పార్టీ నియమాల కమిటీ కూర్చుని, ఆ ప్రతినిధులకు తలా అర ఓటు ఇచ్చింది. హిల్లరీ మనుషులకు అది అన్యాయమనిపించి గట్టిగా నిరసన తెలిపారు.

జూన్ 3న చివరి రెండు రాష్ట్రాల పోలింగ్ జరిగింది. దక్షిణ డకోటాలో హిల్లరీ, మోంటానాలో ఒబామా గెలిచారు. అయితే నెగ్గడానికి కావలసిన 2,118 మంది ప్రతినిధుల లెక్క ఆ రాత్రికి ఒబామా దాటేశారు.

నాలుగు రోజులు

ఆ రాత్రి హిల్లరీ ఓటమి ఒప్పుకోలేదు. ఇప్పుడే ఏ నిర్ణయమూ తీసుకోవడం లేదని న్యూయార్క్ సభలో చెప్పారు. అదే రాత్రి ఒబామా మాత్రం తన విజయోత్సవ సభలో ఆమెను మెచ్చుకుని మాట్లాడారు. ఇక తప్పుకోండి అంటూ గద్దించలేదు. ఇది గమనించదగ్గ విషయం. గెలిచినవారు తొందరపెడితే ఓడినవారి అనుచరులకు పౌరుషం పెరుగుతుంది.

జూన్ 5న ఇద్దరూ వాషింగ్టన్‌లో సెనేటర్ డయాన్ ఫైన్‌స్టైన్ ఇంట్లో ఏకాంతంగా కలుసుకున్నారు. పత్రికలవాళ్ళను రానివ్వలేదు. రెండు రోజుల తర్వాత, జూన్ 7 శనివారం నాడు, హిల్లరీ వాషింగ్టన్‌లోని నేషనల్ బిల్డింగ్ మ్యూజియంలో తన కార్యకర్తల ముందు నిలబడ్డారు.

ఆ ప్రసంగంలో ఆమె మూడు పనులు చేశారు. మొదటిది, ఒబామాకు తన పూర్తి మద్దతు అని మెలికలు లేకుండా చెప్పారు. తన కోసం ఎంత కష్టపడ్డారో ఆయన కోసం అంతే కష్టపడమన్నారు. రెండోది, తన వాళ్ళ శ్రమ వృథా కాలేదన్నారు. ఆడవాళ్ళు పై పదవికి పోకుండా కంటికి కనిపించని గాజు కప్పు ఒకటి అడ్డుగా ఉందనీ, దాన్ని ఈసారి పగలగొట్టలేకపోయినా కోటీ 80 లక్షల పగుళ్ళు పెట్టగలిగామనీ చెప్పారు. అంటే ప్రతి ఓటూ ఒక పగులు. మూడోది, అలా జరిగి ఉంటే, ఇలా చేసి ఉంటే అని వెనక్కి చూస్తూ కూర్చోవద్దన్నారు.

ఓడిన నాయకులు చాలామంది మొదటి పని ఒక్కటే చేసి దిగిపోతారు. రెండోది చేయరు. కార్యకర్త మాత్రం దానికోసమే ఎదురుచూస్తాడు. ఇన్నాళ్ళు తిరిగిన తిరుగుడికి విలువ ఉందని నాయకుడి నోట వింటేనే అతనికి అవతలి జట్టు గుమ్మం ఎక్కబుద్ధవుతుంది.

అప్పులు, అలకలు

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడని సామెత. ఇక్కడా అంతే అయింది. హిల్లరీ ప్రచారానికి 2 కోట్ల డాలర్లకు పైగా అప్పు మిగిలింది. అందులో కోటి డాలర్లకు పైగా ఆమె సొంత డబ్బే. ఇక ఒబామాకు గెలిచిన సంతోషమైనా మిగలలేదు. సగం పార్టీ మొహం తిప్పుకుని కూర్చుంది. హిల్లరీని బలపరచిన స్త్రీలలో కొందరు, అవసరమైతే అవతలి పార్టీ అభ్యర్థి జాన్ మెకెయిన్‌కు ఓటు వేస్తాం గానీ ఒబామాకు వేయమన్నారు.

జూన్ 26న హిల్లరీకి విరాళాలిచ్చిన పెద్దలతో వాషింగ్టన్‌లో సమావేశం జరిగింది. ఆమె అప్పు తీర్చడానికి తానే ఒక చెక్కు రాస్తున్నానని ఒబామా అక్కడ ప్రకటించారు. చట్టం ప్రకారం ఒక వ్యక్తి ఇవ్వగల గరిష్ఠ మొత్తం అప్పట్లో 2,300 డాలర్లు. రెండు కోట్ల అప్పులో అది ఏ మూలకు? అయినా మర్యాద మర్యాదే. ఆ మర్నాడే యూనిటీ సభ. ఒకే విమానంలో వచ్చి, ఒకే బస్సులో ఆ ఊరు చేరారు. ఆమె అప్పు పూర్తిగా తీరడానికి మాత్రం 2012 సంవత్సరం చివరిదాకా పట్టింది.

అలకలు తీరడానికి మహాసభ కావలసివచ్చింది. ఆగస్టు చివర కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్‌లో ఆ సభ జరిగింది. ఫ్లోరిడా, మిచిగన్ ప్రతినిధులకు అర ఓటు బదులు పూర్తి ఓటు తిరిగి ఇచ్చారు. గెలుపు తేలిపోయాక ఇచ్చినదే అయినా, ఆ రెండు రాష్ట్రాల వాళ్ళకు గౌరవం దక్కింది. ఆగస్టు 26న హిల్లరీ ప్రసంగించారు. మీరు నా ఒక్కదాని కోసం పనిచేశారా, లేక కష్టాల్లో ఉన్న జనం కోసం పనిచేశారా అని తన వాళ్ళనే అడిగారు.

మర్నాడు ఒక్కో రాష్ట్రం లేచి తన ఓట్లు చెప్పుకొస్తోంది. న్యూయార్క్ వంతు రాగానే హిల్లరీ ప్రతినిధుల మధ్యనుంచి ముందుకొచ్చారు. లెక్కింపు ఆపి, ఒబామాను ఏకగ్రీవంగా అభ్యర్థిగా ప్రకటించాలని తీర్మానం పెట్టారు. సభంతా హర్షధ్వానాలతో ఒప్పుకుంది. ఓడిన మనిషి నోటితోనే ఏకగ్రీవం పలికించడం ఇందులో విశేషం.

అవతలి పార్టీ చూస్తూ ఊరుకోలేదు. డెన్వర్ సభ ముగిసిన మర్నాడే, ఆగస్టు 29న, మెకెయిన్ తన ఉపాధ్యక్ష అభ్యర్థిగా అలాస్కా గవర్నర్ సారా పేలిన్‌ను ప్రకటించారు. ఆమె తన మొదటి ప్రసంగంలోనే హిల్లరీని పొగిడి, గాజు కప్పు మాట ఎత్తారు. అలిగిన ఓట్ల కోసం వల వేశారన్నమాట. వల నిండలేదు. నవంబరు 4న ఓటు వేసి వచ్చినవాళ్ళను అడిగితే, డెమోక్రాట్లలో హిల్లరీని బలపరచిన ప్రతి పదిమందిలో ఎనిమిది మందికి పైగా ఒబామాకే వేశామన్నారు. ఆయన 365 ఎలక్టోరల్ ఓట్లతో నెగ్గారు. మెకెయిన్‌కు 173 వచ్చాయి. తర్వాత 2009లో హిల్లరీ ఆ ప్రభుత్వంలోనే విదేశాంగ మంత్రి అయ్యారు.

చెయ్యి కలవకపోతే

అమెరికాలో అన్నిసార్లూ ఇలా జరగలేదు. 1912లో రిపబ్లికన్ పార్టీ అభ్యర్థిత్వం అధ్యక్షుడు టాఫ్ట్‌కు దక్కింది. ఓడిన మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ వేరే పార్టీ పెట్టి నిలబడ్డారు. మన మాటల్లో రెబెల్ అభ్యర్థి. ఎలక్టోరల్ ఓట్లు ఆయనకు 88, టాఫ్ట్‌కు 8 వచ్చాయి. మధ్యలో డెమోక్రాట్ విల్సన్ 435తో గద్దె ఎక్కారు. ఆయనకు పడ్డ జనం ఓట్లు నూటికి 42 మాత్రమే.

1980లో అధ్యక్షుడు కార్టర్ మీద సెనేటర్ ఎడ్వర్డ్ కెన్నెడీ పోటీపడ్డారు. ప్రతినిధుల లెక్కలో వెనకబడినా మహాసభ దాకా తగ్గలేదు. చివరి రోజు వేదిక మీద ఇద్దరూ చేతులు పైకెత్తి కలిపి చూపిస్తారని జనం ఎదురుచూశారు. కెన్నెడీ వచ్చి చెయ్యి కలిపి ఊరుకున్నారు. చేతులెత్తిన దృశ్యం కోసం కార్టర్ ఆయన వెనక తిరగడం దేశమంతా టీవీలో చూసింది. నవంబరులో కార్టర్ ఆరు రాష్ట్రాల్లోనే గెలిచారు. ధరల మంట, ఇరాన్‌లో బందీల వ్యవహారం కూడా ఆయన్ను దెబ్బతీశాయి. ఇంటి పోరు వాటికి తోడైంది.

చెయ్యి కలిపితే గెలుపు ఖాయమనీ చెప్పలేం. 2016లో హిల్లరీ గెలిచి, సెనేటర్ బెర్నీ శాండర్స్ ఓడారు. జూలై 12న అదే న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని పోర్ట్స్‌మత్‌లో ఆయన మద్దతు ప్రకటించారు. ఏకగ్రీవ తీర్మానం కూడా ఆయనే పెట్టారు. అయినా హిల్లరీ అధ్యక్ష ఎన్నికలో ఓడిపోయారు. జనం ఓట్లు 28 లక్షలకు పైగా ఎక్కువ వచ్చినా రాష్ట్రాల వారీ లెక్కలో ట్రంప్ నెగ్గారు.

మన ఊళ్ళ సంగతి

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో చట్టసభల పదవులకు ప్రైమరీలో ఓడినవారు అదే ఎన్నికలో స్వతంత్రులుగా నిలబడటానికి చట్టం ఒప్పుకోదు. మన దగ్గర ఆ అడ్డు లేదు. టిక్కెట్టు రానివారు స్వతంత్రంగా నామినేషన్ వేయవచ్చు. కనుక ఇక్కడ ఆపవలసింది మాటే, మర్యాదే.

సర్పంచ్ ఎన్నికలకు పార్టీ గుర్తులు లేవు. ఎంపీటీసీ, జెడ్పీటీసీ ఎన్నికలకు ఉన్నాయి. ఒకే పార్టీలో ఇద్దరు ఆశపడితే ఊరు రెండు వీధులవుతుంది. టిక్కెట్టు దక్కినవారు మర్నాటి ఉదయం దక్కనివారి ఇంటికి పోతున్నారా? ఇన్నాళ్ళూ వారు పెట్టిన ఖర్చునూ, తిప్పిన మనుషులనూ నలుగురిలో ఒక మంచి మాటతో గుర్తిస్తున్నారా? దక్కనివారు తన వెంట తిరిగిన కుర్రాళ్ళను కూర్చోబెట్టుకుని, మీ కష్టం వృథా కాలేదని చెబుతున్నారా? ఈ పనులకు డబ్బు అక్కర్లేదు. చేయకపోతే మాత్రం పోలింగ్ అయిపోయాక కూడా పక్కపక్క ఇళ్ళవాళ్ళు పెళ్ళి పిలుపులు మానుకుంటారు. నాయకులు పై ఊళ్ళో మళ్ళీ ఒకటవుతారు. ఊళ్ళో మిగిలిపోయేది మనమూ, మన మధ్య పగలూ.