పెంపుడు కుక్కకు పథ్యాహారం

ఆదోని, ఎమ్మిగనూరు ఇళ్లలో ఉదయం మిగిలిన ఉగ్గానిని పెంపుడు కుక్కకు వేయడం పరిపాటి. నేనూ ఏళ్ల తరబడి అలాగే వేశాను. ఆయుర్వేదం పలాండువని పేర్కొన్న ఉల్లిగడ్డ మనకు బలకరమే గాని శునకానికి విషతుల్యం. పచ్చిదైనా, వేగినదైనా రక్తంలోని ఎర్రకణాలను నశింపజేస్తుంది. లక్షణాలు కొన్ని రోజులకు గాని బయటపడకపోవచ్చు గనుక కారణం మనకు తోచదు. చిగుళ్లు పాలిపోయి, మూత్రం ఎరుపెక్కితే కషాయాలతో కాలయాపన చేయక పశువైద్యుని ఆశ్రయించాలి.

వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా నిషిద్ధాలే. బూజు పట్టిన వేరుశనగ కాలేయాన్ని చెరుస్తుంది. ఉప్పూ కారం లేని మెత్తని జొన్న సంగటిలో ఉడికించిన గుడ్డు గాని, ఎముకలు తీసిన మాంసం గాని కలపండి. సంగటి, మజ్జిగ మాత్రమే పెట్టే ఇళ్లలో ఆ మూగజీవం చిక్కిపోవడం నేను చూశాను.