కుక్కపిల్ల మొదలు ముసలికుక్క వఱకు

జంషెడ్‌పూరు ఉక్కునగరమున తెలుగువారు తరతరములుగా నివసించుచున్నారు. కర్మాగారమున రాత్రి పాళీ ముగించి యిల్లు చేరువానికి వీథిలో ఎదురగునది తఱచు కుక్కయే. దాని స్వభావము వయస్సుతో మారునని యెఱిగినచో కాటును చాలవఱకు తప్పించుకొనవచ్చును.

పుట్టిన 2 వారములకు పిల్ల కన్ను తెఱచును. 3వ వారము మొదలు సుమారు 14వ వారము వఱకు చూచిన మనుష్యులకు, వినిన శబ్దములకు అది సులభముగా అలవడును. కర్మాగారపు కూతయు, పసివారి కేకలును అప్పుడే మెల్లగా పరిచయము చేయవలెను. 3 నెలలకు రేబిస్ టీకా వేయించి, పశువైద్యుడు చెప్పిన గడువున మరల వేయించుచుండవలెను.

4 నెలలు దాటగా పాలపళ్లు ఊడును, దొరికినదెల్ల కొఱకును. కొట్టక, కొఱుకుటకు తగిన వస్తువు నీయవలెను. 6 నెలల పిమ్మట యౌవనపు మొండితనము పొడచూపును; ఓర్పే మందు.

గుఱ్ఱుమనుట హెచ్చరిక. అందుకు శిక్షించినచో కుక్క హెచ్చరించుట మాని తిన్నగా కరవవచ్చును. తినుచున్న కుక్కను, పిల్లలతల్లిని బాలురు తాకరాదు.

ముదిమిలో చూపును వినికిడియు తగ్గును, కీళ్లు నొచ్చును. నిద్రించుదానిని తాకినచో ఉలికిపడి కరవవచ్చును. సాధుకుక్క అకస్మాత్తుగా కోపించినచో దండింపక పశువైద్యునకు చూపవలెను.

కరచినచో గాయమును సబ్బుతో, పారు నీటితో 15 నిమిషములు కడిగి, ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. కారము, సున్నము పూయరాదు. లక్షణములు కనబడిన పిదప రేబిస్ దాదాపు ఎల్లప్పుడు ప్రాణాంతకము. సకాలమున వేసిన టీకా ప్రాణము నిలుపును. 2030 నాటికి కుక్కకాటు వలని రేబిస్ మరణములు లేకుండ చేయుట దేశలక్ష్యము. దానికి తొలిమెట్టు ప్రతి యింటి గడపయే.